మాటలకే బ్యాటరీ ఖర్చు

మార్చి 4

ఒరేయ్ బుర్రా, బాగున్నావా? రాయడం ఆలస్యమైంది, తిట్టకు. దుకాణంలో ఒక్కణ్ణే అయిపోయాను కదా, ఊపిరి సలపడం లేదు.

అబద్ధం. మధ్యాహ్నమంతా ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను. రాయడానికి చెయ్యి రాలేదు, అంతే.

నువ్వు పోయాక కూడా నీతో మాట్లాడే అలవాటు పోలేదు. నిన్న కౌంటర్ దగ్గర నిలబడి, "ఒరేయ్, రెండంగుళాల వాల్వులు అయిపోయాయి" అని వెనక గదికి వినపడేలా కేకేశాను. పైపు కోసం వచ్చినాయన అటూ ఇటూ చూసి, "లోపల ఎవరున్నారండీ?" అన్నాడు. "ఎవరూ లేరండీ, పైపు ఎన్ని మీటర్లు?" అన్నాను. మా ఆవిడతో చెబితే, "ఆ మాట్లాడేదేదో ఫోన్లో రాసుకోండి. వచ్చిన బేరాలు బెదిరి పోకుండా ఉంటాయి" అంది. అందుకని ఇదిగో. ఎవరికీ పంపను, ఎవరికీ చూపించను. టైపు చెయ్యడంలో తప్పులుంటే సర్దుకో.

బజార్లో మనల్ని బుర్రా-నోరూ అనేవాళ్ళు కదా. నువ్వు వెనక గదిలో తయారుచెయ్యడం, నేను ముందు గదిలో అమ్మడం. ఇప్పుడు నోరొక్కటే మిగిలింది. బుర్ర లేని నోరు ఎలా ఉంటుందో ఊహించుకో. మా ఆవిడైతే తనకి ఊహ అక్కర్లేదట, పెళ్ళయిన దగ్గర్నుంచీ చూస్తోందట.

నీ పెట్టెలన్నీ బాగానే ఉన్నాయి. డాబా మీద ఏంటెన్నా నిటారుగా ఉంది. కంప్యూటర్ పొద్దుట్నుంచీ టింగు టింగుమంటూనే ఉంది. తోటల్లో, మళ్ళల్లో, కుండీల్లో నువ్వు గుచ్చి వచ్చిన పెట్టెలు పది నిమిషాలకోసారి నిద్ర లేచి, మట్టిలో తడి చూసుకుని, నువ్వు నేర్పిన మాట ఒకటి ఇక్కడికి చెప్పి, మళ్ళీ పడుకుంటున్నాయి. "బాగున్నాం." "బాగున్నాం." ఇదివరకు ఆ టింగు వింటుంటే తలనొప్పి వచ్చేది. ఇప్పుడు ఒక్క నిమిషం వినపడకపోతే లేచి వెళ్ళి చూస్తున్నాను.

షట్టర్ వేసేటప్పుడు రోజూ అడిగేవాడివి, "రేపెప్పుడు కలుద్దాం?" అని. దుకాణం తెరిచేది తొమ్మిదింటికే కదరా, ఎన్నాళ్ళుగానో తొమ్మిదింటికే. అయినా అడిగేవాడివి. నేను రోజూ విసుక్కునేవాణ్ణి.

మార్చి 9

ఇవాళ ఒక తమాషా. బొప్పాయి తోట బాబాయి నా ఎదురుగా కుర్చీలో కూర్చుని ఊళ్ళో సంగతులన్నీ విప్పాడు. అదే సమయానికి ఆయన తోటలో పెట్టె లేచింది. ఇక్కడ కంప్యూటర్ టింగుమంది, ఆయన జేబులో ఫోన్ మోగింది. తీసి, కళ్ళకి దూరంగా పెట్టుకుని చదువుకున్నాడు.

"బాబాయ్, కబుర్లు ఆపి మోటార్ వెయ్యి."

"చచ్చినా వదలడు గదరా వీడు!" అని నవ్వాడు. నవ్వుతూనే చొక్కా చేతికి కళ్ళు తుడుచుకుని లేచి వెళ్ళాడు. నేను కంప్యూటర్ దగ్గరికి పోయి ఆ ఒక్క వాక్యం చాలాసేపు చూశాను.

ఆ మాటల దగ్గర ఎంత గొడవ పడ్డామో గుర్తుందా? "తడి తక్కువ అని వస్తే చాలదురా?" అన్నాను. "తడి తక్కువ అంటే ఎవడు లేస్తాడు? తిడితే లేస్తాడు" అన్నావు. ఒక్కొక్కళ్ళకీ ఒక్కో తిట్టు కట్టి, ఆ పెట్టె కడుపులోనే రాసి మూసేశావు. నారు పెంచే నర్సరీ అక్కకి, "అక్కా, పిల్లలకి దాహం. లేచి చూడు." మీ ఇంటి వాకిట్లో నిమ్మకుండీలో పెట్టిన మొట్టమొదటి పెట్టెకి, "మహారాణీ, నిమ్మచెట్టు నోరెండుతోంది." నీ మహారాణి, నీ ఆవిడ, మా చెల్లెమ్మ, ఆ మెసేజ్ వచ్చినప్పుడల్లా నిన్ను తిట్టుకుంటూ చెంబు పట్టుకుని బయటికొచ్చేది. "ఇంట్లో ఉన్న మనిషికి ఇంట్లోంచి మెసేజ్ ఏంటి? నోరు తిరగదా?" అని.

ఇప్పటికీ అలాగే వస్తోందేమో. నేను అడగలేదు.

మార్చి 17

బాబాయి పెట్టె పోయింది. పొద్దుట్నుంచీ లేవలేదు. బండేసుకుని వెళ్ళి తీసుకొచ్చాను. బ్యాటరీ అయిపోయిందంతే, కొత్తది వేస్తే లేస్తుందనుకున్నాను. బల్ల మీద పెట్టి స్క్రూ కోసం వెతికాను. స్క్రూ ఏదిరా? నీళ్ళు పోకూడదని లోపలంతా జిగురు పోసి గడ్డకట్టించావు. "ఒకసారి మూశానంటే బ్రహ్మదేవుడు కూడా విప్పలేడు" అని ఎంత మురిసిపోయావో. ఉలి పెట్టి కొట్టాను. బ్యాటరీతో పాటు లోపలున్నదంతా రెండు ముక్కలైంది.

ఆ ముక్కలు నీ సొరుగులో పెట్టాను. పారెయ్యడానికి చెయ్యి రాలేదు.

ఆ సొరుగులో నీ అరుగుదల మాత్రల సీసా ఉంది, సగం. ఆ చివరి రోజు గుండె పట్టుకుని గ్యాసన్నావు. నేనూ గ్యాసే అన్నాను, సోడా కొట్టి ఇచ్చాను. ఆ సంగతి ఇక్కడ రాయను.

మార్చి 20

మనకి రేడియో సామాను సరఫరా చేసే కంపెనీ నుంచి ఇంజినీరు పిల్ల వచ్చింది. నువ్వు ఫోన్లో గంటలకొద్దీ దెబ్బలాడేవాడివి చూడు, ఆ పిల్లే. నీ బల్ల దగ్గర కూర్చుని, ఒక పెట్టెకి ఏదో మీటర్ తగిలించి చూపించింది. పెట్టె పడుకున్నంతసేపూ ముల్లు కదల్లేదు. లేచి తడి చూసుకున్నప్పుడు కొంచెం ఊగింది. ఆ తర్వాత మాట పంపేటప్పుడు చూడాలి, ఎగిరి ఆ చివర కొట్టుకుంది.

"చూశారా అంకుల్? చూడ్డానికి దీనికేం ఖర్చవ్వదు. మాట్లాడ్డానికే బ్యాటరీ అంతా తినేస్తోంది. మాట ఎంత పొడుగైతే అంత తింటుంది."

"అచ్చం నాలాగే" అన్నాను. నవ్వింది.

"అందుకని మాటలు మాన్పించేద్దాం. పదికోసారి లేవనివ్వండి, చూడనివ్వండి, తడి తగ్గితేనో, మరీ ఎక్కువైతేనో ఒక్క అంకె పంపనివ్వండి. ఒకటి అంటే దాహం, రెండంటే చాలు. రోజుకోసారి మాత్రం బతికున్నానని ఒక సున్నా. పెట్టె విప్పక్కర్లేదు, ఇక్కణ్ణుంచి ఆర్డర్ పంపితే చాలు. బ్యాటరీ ఎన్నో రెట్లు వస్తుంది."

"మరి వాడి మాటలు?"

"ఇక్కడ కంప్యూటర్లో పెట్టుకుందాం. అంకె రాగానే ఇదే ఆ మాట రాసి కస్టమర్‌కి పంపుతుంది. వాళ్ళకి తేడా తెలియదు."

నాకు తెలుస్తుంది కదమ్మా అనలేదు. ఆలోచించి చెబుతానన్నాను. వెళ్తూ వెళ్తూ గడప దగ్గర ఆగింది. "ఒక్కటి మాత్రం చెయ్యకండి అంకుల్. నిద్ర మాత్రం పెంచకండి. పడుకున్నంతసేపూ దానికి మట్టి ఎండుతోందో, మునిగిందో తెలియదు."

సరేనన్నాను. టీ తాగి వెళ్ళింది. మంచి పిల్ల.

మార్చి 22

పెట్టెలన్నిటికీ నిద్ర గంట చేశాను. ఎండలింకా ముదరలేదు, గంటకోసారి లేస్తే చాలు. కస్టమర్ల మేలు కోసమే.

మాటలు అలాగే ఉంచాను.

మార్చి 30

మూడు గంటలు.

నిమ్మకుండీ పెట్టె మొట్టమొదటిది కదా, దానికి బ్యాటరీ అట్టడుగుకొచ్చింది. దాన్ని ఎలాగైనా కాపాడుకోవాలి. చెల్లెమ్మ కోసం. అన్నిటికన్నా ముందు దానికే పెంచాను.

ఈ పని చెప్పినంత తేలిక కాదురా. అవి లేచి మాట్లాడిన ఆ ఒక్క క్షణమే చెవి ఒగ్గి వింటాయి. ఆ క్షణం తప్పితే మళ్ళీ లేచేదాకా ఎంత మొత్తుకున్నా వినపడదు. నువ్వూ అంతే కదా, టంకం పెట్టేటప్పుడు.

ఏప్రిల్ 6

ఆరు గంటలు. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరికీ తేడా తెలియలేదు. మా ఆవిడ మాత్రం, "ఏంటి, దుకాణం నిశ్శబ్దంగా ఉంది? గడియారం ఆగిందా?" అంది.

లెక్క వేశాను. ఇలా పడుకోబెడితే నీ మాటలు ఇంకా చాలా కాలం వస్తాయి.

ఏప్రిల్ 16

ఇవాళ నర్సరీ అక్క కూతురికి ఆడపిల్ల పుట్టింది. పొద్దున్నే ఆస్పత్రి నుంచి అక్క ఫోన్ చేసి చెప్పింది. గొంతులో సంతోషం పట్టడం లేదు. "నువ్వే మొదట తమ్ముడూ, మా వియ్యాలవారికి కూడా ఇంకా చెప్పలేదు" అంది. అందరికీ అదే చెప్పుంటుంది. అయినా బాగుంది.

సాయంత్రం

మధ్యాహ్నం మూడింటికి టింగుమంది. "అక్కా, పిల్లలకి దాహం. లేచి చూడు." చదివి నవ్వుకున్నాను కూడా. ఆస్పత్రిలో చంటిపిల్ల పక్కన కూర్చున్న మనిషికి వెళ్ళింది చూడు మెసేజ్, అనుకున్నాను.

అక్క నర్సరీకి పరిగెత్తింది. పొద్దున తొమ్మిదింటికి పెట్టె లేచి "బాగున్నాం" అని పడుకుంది. ఆ తర్వాత మోటార్ స్టార్టర్ పడిపోయింది. ఆ ఎండకి, నారు ట్రేల చిన్న చిన్న గుంటల్లో గుప్పెడు మట్టి ఎంతసేపు తడుంటుంది? మూడింటికి పెట్టె లేచేసరికి టమాటా నారంతా ట్రేల మీద తలలు వాల్చేసింది. అక్క వెళ్ళేసరికి పేపర్లా గలగలమంటోందట.

మిగతా పెట్టెలు ఏం చేస్తున్నాయో చూద్దామనుకున్నాను. అన్నీ నిద్రలో ఉన్నాయి.

ఏప్రిల్ 17

అక్క వచ్చింది. మట్టి కూడా దులపకుండా పెట్టెను కౌంటర్ మీద పెట్టింది. నువ్వు గుచ్చి వచ్చిన ఆఖరిది అదే. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ఆస్పత్రిలో ఫోన్ చేతిలోనే పెట్టుకుని కూర్చున్నా తమ్ముడూ. మోగలేదు. మోగలేదంటే బాగున్నట్టే కదా అనుకున్నా. ఆ నారు మీద ఎంతమంది రైతులు ఆశ పెట్టుకున్నారు! పొలాలు దున్నుకుని కూర్చున్నారు. వాళ్ళకి ఏం మొహం చూపించను?"

"కూర్చో అక్కా. నీళ్ళు తాగు."

"నీళ్ళట, నీళ్ళు!" అంది. కూర్చుంది. గొంతు తగ్గించి, "పోయినవాణ్ణి అనకూడదు. కానీ అప్పటికే ఒంట్లో బాగోలేదేమో పాపం. ధ్యాస లేకుండా చేసుంటాడు ఇది. కాదంటావా?" అంది.

"అయ్యుండొచ్చక్కా" అన్నాను.

ఏప్రిల్ 18

అబద్ధమేమీ చెప్పలేదు. అయ్యుండొచ్చు అన్నాను. అంతే.

ఏప్రిల్ 19

అయ్యుండొచ్చు అంటే అయిందని కాదు కదా. నువ్వుంటే నువ్వే అనేవాడివి, "పోరా, నా మీద తోసెయ్, నేను వెనక గదిలో ఉంటాను కదా, నాకు వినపడదు" అని. ఎన్నిసార్లు అన్నావు! వాల్వు లీకైతే నీ మీద తోసేవాణ్ణి. పైపు పగిలితే నీ మీద తోసేవాణ్ణి. కస్టమర్ వెళ్ళాక ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

బాబాయి వచ్చాడు. అల్మారాలో నువ్వు చేసిపెట్టిన కొత్త పెట్టె ఇస్తానంటే వద్దట. "అక్క చెప్పింది, వాడి పెట్టెలు నమ్ముకోవద్దని. పాపం వాడి చెయ్యి చివర్లో వణికిందట గదా?" అన్నాడు.

వణికిందని ఎవరన్నారు? నేననలేదు.

ఏప్రిల్ 22

చెల్లెమ్మ దుకాణానికొచ్చింది. నువ్వు పోయాక రావడం ఇదే మొదటిసారి. ముందు గదిలోనే నిలబడింది, వెనక గది వైపు చూడలేదు. సంచీ రెండు చేతులతో పట్టుకుంది.

"అన్నయ్యా, ఒక మాట అడుగుతా, నిజం చెప్పు."

"అడుగమ్మా."

"చివర్లో ఆయనకి ఒంట్లో బాగోలేదా? నీకేమైనా చెప్పాడా?"

"ఎవరన్నారు?"

"బజారంతా అంటోంది. ఆ నర్సరీ పెట్టె చేసేనాటికే చెయ్యి వణికిందనీ, ధ్యాస లేదనీ. నా పక్కనే కదా అన్నయ్యా పడుకున్నాడు. నా చేతి భోజనమే కదా తిన్నాడు. నాకెలా తెలియలేదు? రాత్రీ పగలూ తలుచుకుంటున్నా, ఏ రోజు నేను కనిపెట్టకుండా పోయానా అని. నీకు చెప్పి, నాకు చెప్పలేదా?"

ఒరేయ్. నోరు తెరిస్తే చాలు. ఒక్క వాక్యం.

"ఏమో చెల్లెమ్మా" అన్నాను.

తల ఊపింది. "ఆయన వల్ల నష్టపోయింది కదా, అక్క దగ్గరికి వెళ్ళొస్తా" అని మెట్లు దిగింది. వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. సంచీలో ఏముందో కనపడింది. పాత చీర, పనిలోకి కట్టుకునేది.

ఏప్రిల్ 23

దుకాణం తెరవలేదు. జ్వరమని చెప్పమన్నాను. మా ఆవిడ నుదురు పట్టుకుని చూసి, "జ్వరం లేదు. ఏం చేశారు?" అంది.

చెప్పాను. నీకు చెప్పాల్సింది ముందు తనకి చెప్పాను. కూరగాయలు తరుగుతూ వింది. అంతా విని, "రేపు పొద్దున్నే వెళ్ళండి. నేను రాను. నేనొస్తే మీరు నా వెనక నిలబడతారు" అంది.

ఏప్రిల్ 25

నిన్న వెళ్ళాను.

నర్సరీలో పచ్చటి నీడ వల కింద పొడుగాటి బల్లలు. ఒక బల్ల మీద ఎండిన నారు ట్రేలు అలాగే దొంతరలుగా పడున్నాయి. రెండో బల్ల దగ్గర చెల్లెమ్మ. పాత చీర కొంగు నడుముకి దోపి, ఖాళీ ట్రేల్లో తడి కొబ్బరి పొట్టు నింపుతోంది. ఒక్కో గుంటలో వేలితో చిన్న నొక్కు నొక్కి, ఒక్కో విత్తనం వేసి, మళ్ళీ వేలితోనే కప్పుతోంది. ఎంత శ్రద్ధగా చేస్తోందనుకున్నావు, నువ్వు టంకం పెట్టినట్టే. అక్క పక్కన నిలబడి ట్రేలు అందిస్తోంది.

"చూడు తమ్ముడూ, వద్దంటే వినదు. వచ్చినప్పట్నుంచీ వంచిన నడుము ఎత్తలేదు. 'మా ఆయన పెట్టె చేసిన నష్టం, నా చేతుల్తో కొంతైనా పూడుస్తా' అంటుంది. నువ్వైనా చెప్పు."

"అక్కా, అది వాడి పెట్టె తప్పు కాదు."

"పోనీలే, అయిందేదో అయింది. పోయినవాణ్ణి..."

"పోనివ్వకక్కా. విను. వాడు దాన్ని పది నిమిషాలకోసారి లేచేలా పెట్టాడు. నేను ఆరు గంటలకి మార్చాను. నీకు చెప్పలేదు. వాడు పెట్టినట్టే ఉండుంటే, ఆ రోజు నారు తల వాల్చకముందే నీ ఫోన్ మోగేది. వాడి చెయ్యి వణకలేదు. ఒంట్లో బాగానే ఉంది. చివరి రోజుదాకా బాగానే ఉంది."

అక్క చేతిలో ట్రే బల్ల మీద పడింది. చెల్లెమ్మ వేలు గుంటలోనే ఆగిపోయింది.

"ఎందుకు మార్చావు?" చెల్లెమ్మే అడిగింది. తలెత్తలేదు.

"బ్యాటరీ కోసం."

"ఎందుకు?"

"ఆ పెట్టెలు విప్పడానికి లేదు. బ్యాటరీ అయిపోతే అంతే. వాడి మాటలు..." దొంతరలోంచి జారిన ట్రే ఒకటి సరిచేశాను. "వాడి మాటలు అయిపోతాయని."

అక్క నా దగ్గరికొచ్చింది. ఈసారి తమ్ముడూ అనలేదు. "నోరు నోరని పేరు పెట్టుకున్నావు కదరా! కౌంటర్ మీద పెట్టె పెట్టి అడిగిన రోజున ఏమైందిరా ఆ నోరు? చచ్చినవాడి మీద నాచేత నింద వేయించావు. నా నారు పోతే మళ్ళీ మొలుస్తుంది. ఊరంతా తిరిగి నేనన్న మాటలు ఎలా ఏరుకు రాను?"



చెల్లెమ్మ అరచేతిలో మిగిలిన విత్తనాలు ఒక్కటి కూడా కింద పడకుండా పొట్లంలో పోసింది. కుళాయి దగ్గర చేతులు కడుక్కుంది. చెంగుతో తుడుచుకుంటూ వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"అడిగాను కదా. దుకాణానికొచ్చి, నీ మొహం చూసి అడిగాను. నిజం చెప్పమని అడిగాను. పక్కనున్న మనిషి రోజురోజుకీ చచ్చిపోతుంటే చూసుకోలేని గుడ్డిదాన్ననుకున్నా ఈ నాలుగు రోజులూ. అది నీకు తెలుసు. తెలిసీ ఏమో అన్నావు."

అంతే. వెళ్ళి మళ్ళీ ట్రే ముందు నిలబడింది. నష్టం ఆయనది కాదని తెలిశాక కూడా, మొదలుపెట్టిన ట్రే పూర్తిచేసే వెళ్ళింది. నన్ను చెయ్యనివ్వలేదు.

అన్నయ్యా అని ఒక్కసారి కూడా అనలేదు.

ఏప్రిల్ 26

అన్నిటినీ వెనక్కి మార్చేస్తున్నాను. ఇంజినీరు పిల్లకి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఏ తేదీన ఎంతకి మార్చానో అడిగి రాసుకుంది. తర్వాత ఏ ఆర్డర్ ఎలా పంపాలో నిదానంగా చెప్పింది.

పదికోసారి లేవాలి, చూడాలి, అవసరమైతే అంకె. మాటల్లేవు.

కానీ ఇప్పుడే చెబుదామంటే కుదరదు కదా. నేనే కదా పడుకోబెట్టింది. ఒక్కోటీ దానంతట అది లేచేదాకా కూర్చోవాలి. కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఒకటి లేచింది, "బాగున్నాం" అంది, ఆర్డర్ పంపాను. మరొకటి లేచింది, "చాలు, చాలు, మునిగిపోతున్నాం" అంది. ఎవరో నీళ్ళు ఎక్కువ పెట్టినట్టున్నారు. ఇంకొకటి, "మావా, నీ మొహం కడిగాక మా మొహం కూడా చూడు." అది ఎవరికి పెట్టావురా? నాకు తెలియనే తెలియదు. భలే నవ్వొచ్చింది.

ప్రతిదీ ఆఖరిసారి నీ మాట చెప్పి, నా ఆర్డర్ విని, మూగదైపోయింది. సాయంత్రానికి తెర మీద అంకెలు మాత్రమే మిగిలాయి. నిమ్మకుండీది ఒక్కటే మార్చలేదు. దాని సంగతి తేల్చాల్సింది నేను కాదు.

ఏప్రిల్ 30

పెట్టెలున్న ప్రతి తోటకీ వెళ్ళొస్తున్నాను. గేటు దగ్గరే నిలబడి అదే సంగతి చెబుతున్నాను. తప్పు నాది, వాడిది కాదు. ఒకాయన తలుపేసుకున్నాడు. బాబాయి మాత్రం అంతా విని, "ఆ తిట్టు నా కోసం వాడు ప్రత్యేకంగా రాశాడంటావా, లేక అందరికీ అదేనా?" అన్నాడు. నీకు మాత్రమే బాబాయ్ అన్నాను. "అయితే సరే" అని కొత్త పెట్టె పట్టుకెళ్ళాడు.

మే 8

కంప్యూటర్ నుంచి కస్టమర్లకి వెళ్ళే మాటలు నన్నే రాయమంది ఇంజినీరు పిల్ల. నీవి వాడటానికి మనసొప్పలేదు. నర్సరీ అక్క పెట్టె మళ్ళీ నారు ట్రేలో గుచ్చొచ్చి, ఆమెకి నేనొకటి రాశాను. "అక్కా, నమస్కారం, నారుమడిలో తడి బాగా తగ్గినట్టుగా మన పెట్టె తెలియజేస్తోంది, కాబట్టి మీరు ఏ పనిలో ఉన్నా దయచేసి వెంటనే మోటార్ ఒకసారి చూసుకోగలరు."

అక్క నుంచి తిరుగు మెసేజ్ వచ్చింది. "నువ్వు రాసింది చదివేలోపు నారు ఎండుతుంది. కుదించు."

ఆ రోజు తర్వాత నాతో అన్న మొదటి మాట అదే. మూడుసార్లు చదువుకున్నాను.

మే 15

చెల్లెమ్మ నుంచి ఫోన్. ఎత్తగానే, పలకరింపు లేకుండా, "నిమ్మకుండీ మెసేజ్ సమయానికి రావట్లేదు. అది కూడా మార్చావా?" అంది.

"మార్చానమ్మా. అన్నిటికన్నా ముందు దానికే నిద్ర పెంచాను. అదే పాతది కదా, బ్యాటరీ లేదు."

"మళ్ళీ పదికి పెట్టు."

"పదికి పెట్టి మాటలు తీసేస్తే కొన్నాళ్ళు..."

"మాటలు తియ్యకు."

"రెండూ ఉంచితే ఎక్కువ రోజులు రాదు చెల్లెమ్మా. చాలా తొందరగా అయిపోతుంది."

అవతల ఎవరో గిన్నెలు కడుగుతున్న చప్పుడు. తనే అనుకుంటా, ఫోన్ భుజానికి నొక్కిపెట్టుకుని.

"అయిపోనీ. ఆయన అది దాచుకోమని పెట్టలేదు. చెట్టుకి నీళ్ళు పొయ్యమని పెట్టాడు" అంది. ఫోన్ పెట్టేసింది.

కూర్చున్నాను. అది లేచింది. "బాగున్నాం" అంది. పది నిమిషాలు అని చెప్పాను.

మే 16

టింగు. టింగు. టింగు. ఒక్క పెట్టే, రోజంతా. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి కాసేపు విని వెళ్ళింది.

జూన్ 3

"మహారాణీ, నిమ్మచెట్టు నోరెండుతోంది."

రెండు టింగులు గడిచాయో లేదో "బాగున్నాం" వచ్చింది. పోసిందన్నమాట. ఇక్కడ కూర్చునే చెంబు చప్పుడు వినపడినట్టయింది.

జూన్ 21

ఇవాళ పొద్దున తొమ్మిదింటికి షట్టర్ తీసేసరికి నిశ్శబ్దం. కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పది నిమిషాలు. ఇంకో పది. ఆఖరిది తెల్లవారుతుండగా వచ్చింది. "బాగున్నాం" అనే.

దుకాణం మూసి మీ ఇంటికెళ్ళాను. చెల్లెమ్మ వాకిట్లోనే ఉంది, నిమ్మకుండీ ముందు ముక్కాలిపీట వేసుకుని. చెంబు పక్కనే. నన్ను చూసి జరగలేదు, లేవలేదు.

"రాలేదు కదా ఇవాళ" అంది.

"రాలేదు."

"నాకూ రాలేదు, తడుండి రాలేదో, అయిపోయే రాలేదో. అందుకని వేలు పెట్టి చూసుకున్నా. తడుంది. రేపు పొయ్యాలి." చూపుడువేలికి అంటిన మట్టి చూపించింది. గోరు మధ్యదాకా తడి.

పెట్టె తీసెయ్యమంటావా అని అడిగాను. వద్దంది. దాని చుట్టూ వేర్లు అల్లుకున్నాయట, లాగితే చెట్టు కదులుతుందట. ఇద్దరం దాన్నే చూశాం. చెట్టుకి రెండు పిందెలున్నాయి. నువ్వు చూడలేదు అవి.

లేచి లోపలికెళ్తూ, గుమ్మంలో ఆగింది.

"టీ పెడతా. కూర్చో అన్నయ్యా."

కూర్చున్నాను. ముక్కాలిపీట మీదే, కుండీ ముందు. మీ ఇంట్లో టీలో పంచదార ఎప్పుడూ ఎక్కువే. ఇవాళా ఎక్కువే. మొత్తం తాగాను.

ఇప్పుడే దుకాణం మళ్ళీ తెరిచాను. కంప్యూటర్ చప్పుడు చెయ్యడం లేదు. అంటే అందరికీ తడి ఉన్నట్టే, ఈసారి నిజంగానే. అదుగో నర్సరీ అక్క వస్తోంది, చంకలో మనవరాలు. వాల్వు కోసం అనుకుంటా. నీ పెట్టె గురించి కొత్తగా ఏమైనా అడిగితే, ఉన్నదున్నట్టు చెబుతాను.

మరి ఉంటానురా. బేరం వచ్చింది. తొమ్మిదింటికే తెరుస్తున్నాను, రోజూ, ఎప్పటిలాగే. ఇన్నేళ్ళూ నువ్వే అడిగావు, నేను విసుక్కున్నాను. ఇవాళ నేనడుగుతున్నాను.

రేపెప్పుడు కలుద్దాం?